టేపు పెట్టని గోడ

ఆ ప్రాజెక్టులో నాకు ఉద్యోగం వచ్చింది చదువు వల్ల కాదు, భాష వల్ల. యూనివర్సిటీలో నగర ప్రణాళిక విభాగం వాళ్లు చెన్నైలో వానలకు మునిగే వాడల మీద పరిశోధన మొదలుపెట్టారు. ఉత్తర చెన్నైలో, మనలికి పోయే దారిలో, కాలవ గట్టున ఒక వీధి ఉంది. ఆ వీధిలో అందరూ తెలుగువాళ్లే, ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లకే గుర్తులేదు. వాళ్లతో మాట్లాడే మనిషి కావాలి. నేను చెన్నైలోనే, చూలైలో పుట్టి పెరిగాను. మా నాయనది పప్పుల టోకు కొట్టు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. కోపం వస్తే మూడింట్లోనూ ధారాళంగా మాట్లాడతాను. అంతమాత్రం చాలనుకున్నారు వాళ్లు.

ప్రాజెక్టు పేరు చెబితే మా నాయన రెండుసార్లు మళ్లీ చెప్పమని, మూడోసారి అడగడం మానేశాడు. సుస్థిర నగరాలు, సామాజిక రెసిలియెన్స్. ఆ రెసిలియెన్స్‌ని ఫారంలో తెలుగులో ఏమని రాయాలని నన్నే అడిగారు. చాలాసేపు ఆలోచించి "తట్టుకునే శక్తి" అని రాశాను. రాస్తుంటేనే ఒళ్లు మండింది. ఏటా ఇల్లు మునిగే మనిషి దగ్గరకు పోయి, నీకు తట్టుకునే శక్తి ఎంత ఉందో చెప్పు, ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేస్తాం అనడం ఏం మర్యాద? కానీ ఉద్యోగం కావాలి, పీహెచ్‌డీ కావాలి. నోరు మూసుకున్నాను.

మాకు ఇచ్చిన ఫారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటే. పోయిన పెద్ద వానకు మీ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి? దాని పక్కన రెండు గళ్లు. ఒకటి ఇంటివాళ్లు చెప్పిన ఎత్తు, రెండోది మేము కొలిచిన ఎత్తు. వరద నీళ్లు దిగిపోయాక గోడ మీద బురద చార ఒకటి నిలిచిపోతుంది. సున్నం కొట్టినా కొన్నాళ్లకు మళ్లీ పైకి కనబడుతుంది. నేల నుంచి ఆ చార దాకా టేపు పెట్టి కొలవాలి. అందుకని అందరికీ తలా ఒక స్టీలు టేపు ఇచ్చారు. నా టేపు పసుపు రంగుది. సంచిలో అడుగున పడేసుకుని తిరిగేదాన్ని.

ఆ వీధిలో ఆడవాళ్ల పని గోనెసంచులు కుట్టడం. టోకు కొట్లలో చిరిగిన సంచులు మూటలుగా వస్తాయి. వాళ్లు గడపల్లో కూర్చుని, దబ్బనంలో పురికొస ఎక్కించి, చిరుగులు కుట్టి వారానికొకసారి తిరిగి పంపుతారు. వీధి పొడుగునా గోనె దుమ్ము. గాలి మనలి నూనె శుద్ధి కర్మాగారాల వైపు నుంచి తిరిగితే ఆ దుమ్ముకి నూనె కాగిన వాసన తోడవుతుంది. మొదటి రోజు నేను తుమ్ముతూ నిలబడితే మొదటింటి ముసలామె నవ్వి, ముక్కుకు కట్టుకోమని తన తువ్వాలు ఇచ్చింది.

"ఏ వీధి బిడ్డవి పాపా?"

చూలై అన్నాను. ఎవరి పిల్లవని అడిగింది. కొట్టు గుర్తులు చెప్పాను.

"అయ్యో, ఆ కొట్టు పిల్లవా! మీ తాత కాలంలోనించి మా అమ్మ మీకే కుట్టింది. ఇప్పుడు నేనూ మీ నాయనకే కుడతా ఉండా. రా, ఈడ కూచో. ఎండలో నిలబడుకోనుండావే. టీ తాగి అప్పురం అడుగుదువులే నీ కేళ్వీలు, ఆ కాగితంలో ఉండేటివి."

అంతటితో అయిపోయింది. నేను ఆమెను అత్తా అన్నాను, ఆమె నన్ను తమిళంలో పిల్లల్ని ముద్దుగా పిలిచినట్టు కన్ను అంది. ప్రాజెక్టు శిక్షణలో మాకు చెప్పారు, ఇంటివాళ్లతో దూరం పాటించండి, వాళ్లు చెప్పినదాని మీద మీ అభిప్రాయం పడనివ్వకండి అని. మావాళ్ల మధ్య దూరం ఎలా పాటిస్తారో శిక్షణ ఇచ్చినాయనకు తెలియదు. ఆమె ఇచ్చిన టీ తాగి, ఆమె పక్కన గోనె మీద కూర్చుని, ఫారం ఒళ్లో పెట్టుకున్నాను.

"నీళ్లు ఎంత దాకా వచ్చినాయి అత్తా?"

ఆమె లేచి నిలబడి, అరచేతిని రొమ్ము ఎత్తున ఆనించి చూపించింది. "ఈడ దాకా. ఆమా కన్ను, నిజమే, ఈడ దాకా. బియ్యం డబ్బా తేలి ఆ మూలకు పోయింది."

ఆమె వెనకే గోడ ఉంది. గోడ మీద, నా మోకాలికి కాస్త పైగా, బురద రంగు చార ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగి ఉంది. దానికి జానెడు పైన మేకుకు తగిలించిన పాత కేలండర్లు, ఒక్కదాని అంచు కూడా తడవలేదు. చూశాను. చక్కగా, స్పష్టంగా చూశాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఈ రాతకే అర్థం లేదు.

ఎందుకలా చెబుతున్నారో కూడా నాకు తెలుసు. వాన వచ్చి పోయాక సాయం చేసేవాళ్లు వస్తారు. నీళ్లు ఎంత దాకా వచ్చాయని అడిగి, దాన్ని బట్టి టోకన్లు రాస్తారు. మోకాలు అంటే రొట్టె పాకెట్టు. నడుము అంటే రొట్టెతో పాటు చాప. రొమ్ము అంటే బియ్యం, దుప్పటి. ఎన్నో వానలు చూసిన వీధి అది. ఎవరు కాగితం పట్టుకుని వచ్చినా చెయ్యి దానంతట అదే రొమ్ము దగ్గరకు లేస్తుంది. ఆ రోజు వీధి పొడుగునా అవే చేతులు. చివరింట్లో పొట్టిగా ఉండే ఒకావిడ తన చెయ్యి తలకన్నా పైకి ఎత్తితే, పక్కింటావిడే ఉండబట్టలేక, "అంత దాకా వచ్చింటే నువ్వు ఈడ ఉండే దానివా?" అని ఎగతాళి చేసింది. అందరం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను రొమ్ము ఎత్తని రాసుకున్నాను.

రెండో గడి సంగతి. అత్త ముందు వంగి, ఆ చారకు టేపు పెట్టడమంటే, నువ్వు అబద్ధం చెబుతున్నావని ఆమె మొహం మీదే అనడం. మా నాయన కొట్లో నేను చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతి ఒకటుంది. కుట్టిన సంచుల మూట తెచ్చి ఆడవాళ్లు ఇన్ని అని చెబితే, నాయన వాళ్ల ఎదుట ఎన్నడూ ఎంచేవాడు కాదు. సరేమ్మా అని మూట లోపలికి వేయించేవాడు. ఎదురుగా ఎంచడం మర్యాద తక్కువ. నా రక్తంలో ఉన్నది ఆ పద్ధతి. టేపు సంచిలోంచి తీయలేదు. కొలిచిన ఎత్తు అన్న గడిలో కూడా, ఆమె చెప్పిన అంకెకు ఒక అంగుళం తగ్గించి, నిజంగా కొలిచినట్టే కనబడేలా రాశాను. ఆ ఒక్క అంగుళం గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది. మిగతా ఇళ్లలోనూ అంతే చేశాను.

పైగా మంచి పని చేస్తున్నాననుకున్నాను. నీళ్లు ఎక్కువని రాస్తే పంపు పెడతారు, గట్టు ఎత్తు చేస్తారు, కాలవలో పూడిక తీస్తారు. వాళ్లు బియ్యానికి ఆశపడ్డారు, నేను గట్టుకు ఆశపడ్డాను. వాళ్ల ఆశ చిన్నది, నాది పెద్దది. అంతే తేడా.

కాలవ మీద తూము ఉంది. దానికి అవతల ఇంకో వీధి, అచ్చం ఇలాంటిదే. అక్కడ నాతోటి పరిశోధకురాలు పని చేసింది. వరంగల్ నుంచి వచ్చిన పిల్ల, నాకన్నా ఆరేడేళ్లు చిన్నది. ఎవరేం చెప్పినా తల ఊపి, మర్యాదగా పక్కకు జరగమని, మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టేది. ఆ వీధివాళ్లు నొచ్చుకున్నారు కూడా, పోలీసు పిల్లలా ఉందని పేరు పెట్టారు. సాయంత్రం ఇద్దరం బస్టాపులో ఫారాలు సర్దుకుంటుంటే ఆ పిల్ల నావి తిరగేసింది.

"అక్కా, గిదేంది? మీ వీధిల అన్ని ఇండ్లల్ల ఒక్కతీరుగనే వచ్చినయా నీళ్లు? నా దిక్కు మోకాలు దాటలే. నడుమ ఆ తూము ఒక్కటే కదా ఉన్నది. టేపు పెట్టినవా నువ్వు?"

"పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పినాక మళ్లీ కొలిచేదేంది? వాళ్లు మావాళ్లు. నీకు తెలీదులే."

కసిరినట్టే అన్నాను. ఆ పిల్ల చిన్నబోయి ఫారాలు తిరిగి ఇచ్చేసింది. బస్సు వచ్చింది, ఎక్కేశాం.

మ్యాపు తయారవడానికి చాలా నెలలు పట్టింది. మైలాపూరులో ఒక హాలు తీసుకుని చూపించారు. అధికారులు వచ్చారు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు వచ్చారు, అందరికీ శనగల సుండల్, కాఫీ. తెర మీద ఉత్తర చెన్నై వెలిగింది. పసుపు రంగు అంటే జాగ్రత్తపడాల్సిన చోటు. ఎరుపు అంటే మనుషులు నివసించడానికి తగని చోటు. కాలవకు అవతల వీధి పసుపు. ఇవతల, మా అత్త వీధి, ఎర్రగా ఉంది. ఒకే నీళ్లు, ఒకే తూము, రెండు రంగులు. ఎవరికీ వింతగా అనిపించలేదు. వరంగల్ పిల్ల నా వైపు చూసింది, నేను కాఫీ వైపు చూశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా నాయనతో చెప్పాను. సగమే చెప్పాను నిజానికి, నీ పద్ధతే నేనూ పాటించాను నాయనా, ఎదురుగా ఎంచలేదు అని. సమర్థించుకోవాలనే ఉద్దేశం నాది. ఆయన పెరుగన్నం కలుపుతున్నవాడు ఆగాడు.

"నేను ఎంచేది లేదని ఎవురు చెప్పినారు నీకు?"

"నేను చూసినా కదా. ఎప్పుడూ ఎంచలేదు నువ్వు."

"వాళ్ల ముందర ఎంచలేదు. ఆయమ్మ వీధి మలుపు తిరిగినాక లోపల కూచోని ఎంచుతా ఉంటి, ప్రతివారమూ. తగ్గింటే ఇంకో పొద్దు మెల్లిగా చెప్తా ఉంటి. మొహం చిన్నబోతుందని ముందర ఎంచేది లేదు, అంతే. దానికోసరం లెక్కే వదిలేస్తారా ఎవురైనా?"

తిని లేచి పోయాడు. నా కంచంలో అన్నం అలాగే ఉంది. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నాను, మా నాయన పని సగమే చూసి అదే మొత్తమనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం అత్త సంచుల మూట తీసుకుని కొట్టుకు పోయినప్పుడు నేను వెనక్కి పోయి టేపు పెట్టి ఉండొచ్చు. తలుపు తీసే ఉంటుంది ఆ వీధిలో. అయిదు నిమిషాల పని.

మర్నాడే పోయి మా ప్రొఫెసర్‌కు చెప్పాను. మంచివాడు ఆయన, ఆ మాట కాదనను. అరిచి ఉంటే బాగుండేది. తలుపు వేసి, నీళ్లిచ్చి, నెమ్మదిగా మాట్లాడాడు. రిపోర్టు పంపేశామన్నాడు. ఒక వీధి అంకెలు తప్పని ఇప్పుడు రాస్తే మిగతా అన్ని వీధుల అంకెలూ అనుమానంలో పడతాయన్నాడు. మన మ్యాపు చూసి ఎవరూ ఏమీ చేయరు, ఇలాంటివి ఎన్ని బీరువాల్లో ఉన్నాయో నీకు తెలుసు కదా అన్నాడు. ఆయన చెప్పినవన్నీ నమ్మదగ్గవే. నేను నమ్మడానికి సిద్ధంగానే వెళ్లాను. ఉత్తరం రాసి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తెలియదు. రాయలేదు.

తర్వాతి ఏడాది వానలు రాకముందే ఆ వీధి తలుపుల మీద నోటీసులు అంటించారు. మీరుంటున్నది ప్రమాద ప్రాంతం, మీ క్షేమం కోరి వేరే చోట ఇళ్లు ఇస్తున్నాం, ఫలానా రోజుకు సిద్ధంగా ఉండండి. వరంగల్ పిల్ల ఫోను చేసి చెప్పింది. నేను పోయేసరికి లారీలు నిలబడి ఉన్నాయి. ఆఫీసువాళ్లలో ఒకాయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మా మ్యాపు. ఆ ఎరుపు చాయ మరీ కళ్లలో గుచ్చుకుంటోందని, కాస్త తగ్గించమని మ్యాపుకు రంగులు ఎంచేటప్పుడు చెప్పింది నేనే. మ్యాపు వల్లే ఖాళీ చేయించారా, ముందే అనుకుని మ్యాపును అడ్డం పెట్టుకున్నారా, నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియకపోవడం వల్ల మనసుకు ఊరటేమీ లేదు.

తూముకు అవతల వీధివాళ్లు గట్టు మీద వరసగా నిలబడి చూస్తున్నారు. పోలీసు పిల్ల కొలిచిన వీధి. వాళ్ల సామాను వాళ్ల ఇళ్లలోనే ఉంది. అత్త లారీ మీద గోనె మూటల పక్కన ఎక్కి కూర్చుని నన్ను చూసింది. "వచ్చినావా కన్ను! చూడు, మాకు మాడి ఇల్లు ఇస్తారంట, మేడమీద" అంది, చుట్టాలింటికి పోతున్నదానిలా. చెయ్యి ఊపాను.

నా పీహెచ్‌డీ ఆ మరుసటి ఏడు వచ్చింది. అందులో ఒక అధ్యాయం ఆ వీధి తట్టుకునే శక్తి మీదే. వాన ముదిరితే ఎవరు ఎవరి తలుపు తడతారు, ముసలివాళ్లను ఎవరింట్లో మేడమీద పడుకోబెడతారు, తడవని గోనెసంచులతో గడపలకు అడ్డుకట్టలు ఎలా వేస్తారు, అన్నీ రాశాను. పరీక్షకులు మెచ్చుకున్నారు. మెచ్చుకునే వేళకు ఆ వీధి లేదు. అక్కడ ముళ్లకంచె, కంచెలోపల గడ్డి. ఒక్కసారైనా నిజం చెప్పడానికి అత్త దగ్గరకు పోవాలని ఎన్నోసార్లు బయల్దేరాను. మొహం చెల్లక రైలు స్టేషను దాకా పోయి తిరిగొచ్చేదాన్ని.

పోయిన నెల పోయాను. నగరానికి దక్షిణం కొసన, బస్సు దిగాక కూడా చాలాదూరం నడవాలి. ఒకేలాంటి ఎత్తు భవనాలు, ఏది ఏదో గోడల మీద రంగుతో వేసిన అంకెలను బట్టి గుర్తుపట్టాలి. అత్త ఉండేది ఆరో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. నేనే మూడుచోట్ల ఆగాను, అరవై దాటిన మనిషి రోజూ ఎలా ఎక్కి దిగుతోందో అనుకుంటూ.

తలుపు తీసి ఉంది. అత్త నేల మీద ఊరికే కూర్చుని ఉంది. చేతిలో దబ్బనం లేకుండా ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి. చూలై నుంచి ఇంతదూరం చిరుగు సంచులు ఎవరు పంపుతారు? మా నాయన కూడా ఇప్పుడు కొత్త ప్లాస్టిక్ సంచులే వాడుతున్నాడు. ఆమె కూతురు మనలిలో ప్యాకింగు పనికి పోయేది. ఇక్కడి నుంచి నాలుగు బస్సులు మారలేక మానేసి, ఇప్పుడు దగ్గర్లో ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. వీధి వాళ్లందరినీ తలా ఒక భవనంలో వేశారు. పొట్టావిడ పోయిందట. తెలిసేసరికి మూడు రోజులైందట.

"నీళ్లు మాత్రం రావు కన్ను ఈడికి" అంది నవ్వబోయి. "కొళాయిలో కూడా రావు."

చెప్పాలని నోరు తెరిచాను. అంతలో ఆమే అందుకుంది. "మంచి పొద్దున వచ్చినావు. రేపు ఎవురో కాలేజీ పిల్లోళ్లు వస్తా ఉండారంట. మేము ఈడ ఎట్లుండామో రాసుకుంటారంట. నువ్వు ఇదే పనిలో ఉండావు గదా. ఏం చెప్తే మమ్మల్ని మళ్లీ ఆడికి పంపుతారు? అది చెప్పు. అదే చెప్తాం అందురూ."

ఒళ్లోని సంచిని పక్కన పెట్టాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పత్తా" అన్నాను.

"ఉన్నది చెప్తే ఎవురు వింటారు?"

ఇక ఆపుకోలేదు. అంతా చెప్పాను. గోడ మీది చార, నేను చూసి కూడా టేపు తీయకపోవడం, రెండో గడిలో రాసిన అంకె, తెర మీది ఎరుపు, అవతల వీధి పసుపు. ప్రొఫెసర్ గదిలో నేను నమ్మిన మాటలు కూడా చెప్పాను. చెబుతూ ఆమె మొహం చూడలేదు. వరండాలో ఎవరో ప్లాస్టిక్ బిందెలు ఈడ్చుకుంటూ మెట్ల వైపు పోయారు.

"ఆ చార నువ్వు చూసినావా?"

"చూసినా."

"నేను నాలుగు గింజలు ఎక్కువిస్తారని చెప్తి కన్ను. అది తప్పే. నువ్వు దేనికి రాస్తా ఉండావో నాకేం తెలుసు? నీకు తెలుసును గదా. ఆ పొద్దే ఒక మాట అనకూడదా, అత్తా ఇట్ల చెప్పొద్దు అని? నేనేమన్నా కొట్టి ఉంటినా నిన్ను?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అడిగి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.